అమెరికాలో హెచ్1బి వర్క్ వీసా మీద ఇలాగే లాగించాలా, కెనడా పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్సీ) కి మారిపోవాలా? పాప వయసే మా అసలు టెన్షన్

ఫ్రిస్కో_నాన్న:

మా పరిస్థితి ముందు మొత్తం చెప్పేస్తా, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి. నాకు 36, మా ఆవిడకి 34, డాలస్ పక్కన ఉంటాం. 2014 లో ఎమ్మెస్ కి వచ్చా, ఓపీటీ (చదువయ్యాక కొన్నాళ్ళు పనిచేయనిచ్చే పర్మిట్) లో ఉండగా పెళ్ళి, 2017 లో లాటరీ తగిలి హెచ్1బి. గ్రీన్ కార్డ్ కి ఈబీ2 (మాస్టర్స్ స్థాయి ఉద్యోగాల కేటగిరీ) లో ప్రయారిటీ డేట్, అంటే క్యూలో మా స్థానం, 2019 జూన్. ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్ కార్డ్ పిటిషన్) ఎప్పుడో అప్రూవ్ అయిపోయింది, హెచ్1బి ఆరేళ్ళ లిమిట్ దాటినా దాని పుణ్యమా అని మూడేళ్ళకోసారి ఎక్స్‌టెన్షన్ వస్తోంది. మా ఆవిడ హెచ్4 (నా వీసా మీద వచ్చే డిపెండెంట్ వీసా) ఈఏడీ, అంటే వర్క్ పర్మిట్ మీద మెడికల్ బిల్లింగ్ లో చేస్తోంది. పాపకి 9 ఏళ్ళు, గుంటూరులో పుట్టింది, అప్పటికి మా ఆవిడ ఇంకా ఇక్కడికి రాలేదు. బాబుకి 4, వాడు ఇక్కడే పుట్టాడు కాబట్టి ఇంట్లో వాడొక్కడే దర్జాగా సిటిజన్, మేం ముగ్గురం వాడింటికి వచ్చిన చుట్టాలం.

పోయిన నెల మా టీంలో సగం మందిని తీసేశారు. నేను మిగిలా. కానీ ఆ రోజు పొద్దున్నే సబ్జెక్ట్ ఏమీ లేకుండా పావుగంట మీటింగ్ ఇన్వైట్ వచ్చిన దగ్గర్నుంచి, స్క్రీన్ మీద హెచ్ఆర్ వాళ్ళు లేరు మేనేజర్ ఒక్కడే ఉన్నాడు అని చూసుకునేదాకా నా బుర్రలో తిరిగింది ఒక్కటే, 60 రోజులు. ఉద్యోగం పోతే ఆ 60 రోజుల్లో కొత్త కంపెనీ దొరకాలి, అది కూడా హెచ్1బి ట్రాన్స్‌ఫర్ ఫైల్ చేసే కంపెనీ అయ్యుండాలి, లేదంటే ఇల్లు, కార్లు, పాప స్కూలు అన్నీ సర్దేసి బయల్దేరాలి. ఇన్నేళ్ళు టాక్సులు కట్టాక మనకిచ్చే గడువు అది.

మా బావమరిది మిసిసాగాలో ఉంటాడు. ఫోన్ చేసిన ప్రతిసారీ "బావా పీఆర్ తీసుకుని వచ్చెయ్, ఉద్యోగం పోయినా దేశం పోదు" అంటాడు. మాట బాగానే ఉంది కానీ అక్కడ జీతం ఇక్కడితో పోలిస్తే బాగా తగ్గుతుందని వాడే ఒప్పుకుంటాడు. పైగా 2021 లో తక్కువ వడ్డీకి ఇల్లు కొన్నాం, ఇది వదిలేస్తే ఆ వడ్డీ రేటు మళ్ళీ ఈ జన్మలో చూడను. మా ఆవిడేమో పాపకి 21 వచ్చేలోపు గ్రీన్ కార్డ్ రాదు, 21 దాటితే మన కేసులోంచి బయటికి పోతుంది, అప్పుడు ఏం చేస్తావో ఇప్పుడే చెప్పు అని కూర్చుంది. కక్కలేక మింగలేక ఉన్నా. రెండు వైపులా చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, జీతం ఎక్కువొచ్చే టెంపరరీ బతుకా, జీతం తక్కువొచ్చే పర్మనెంట్ బతుకా?


మిసిసాగా_మావయ్య:

ముందు మీ బావమరిదికి ఒక మాట చెప్పండి, ఆయన చెప్తున్న కెనడా 2019 నాటిది. నేను అప్పట్లో న్యూజెర్సీలో హెచ్1బి మీద ఉంటూనే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ (పాయింట్లు చూసి పీఆర్ కి పిలిచే కెనడా పద్ధతి) లో ప్రొఫైల్ పెట్టా, 460 దాటిన స్కోరుకి ఇన్విటేషన్ వచ్చేసింది, ఏడాది తిరక్కుండా సామాను సర్దుకుని వచ్చేశాం. ఇప్పుడు అలా లేదండీ. 2025 మొత్తంలో జనరల్ డ్రా (కేటగిరీ చూడకుండా స్కోరు మీదే అందరినీ పిలిచేది) అనేదే పెట్టలేదు, పిలిచిందంతా ప్రొవిన్స్ (అక్కడి రాష్ట్రం) నామినేషన్ ఉన్నవాళ్ళని, ఆల్రెడీ కెనడాలో పనిచేస్తున్నవాళ్ళని, ఫ్రెంచ్ వచ్చినవాళ్ళని, నర్సులు టీచర్లు లాంటి కొన్ని కేటగిరీల వాళ్ళని.

మీ లెక్క వేసి చూద్దాం. పెళ్ళయినవాళ్ళకి 29 ఏళ్ళ వరకు వయసుకి 100 పాయింట్లు, అక్కడ్నుంచి ఏడాదికి 5 చొప్పున కోత, 36 కి 65 మిగిలాయి. 40 దాటితే ఏడాదికి 10 పోతాయి, 45 కి సున్నా. మాస్టర్స్ కి 126. ఐఈఎల్‌టీఎస్ లో లిజనింగ్ 8.5, రీడింగ్ 8, మిగతా రెండూ 7.5 తెచ్చుకుంటే 128. బయటి ఎక్స్‌పీరియన్స్, చదువు, ఇంగ్లీషు కలిపి ఇచ్చేవి 100. మీ ఆవిడ చదువుకి, ఇంగ్లీషుకి ఒక పాతిక. మొత్తం 445 అటూ ఇటూ. జాబ్ ఆఫర్ కి ఇచ్చే పాయింట్లు 2025 మార్చిలో ఎత్తేశారు కాబట్టి ఆ ఆశ కూడా లేదు. మీ కంపెనీకి టొరంటోలో ఆఫీసు ఉండి మిమ్మల్ని ఇక్కడికి పంపించినా, ఏడాది పనిచేస్తే ఇంకో 35 కలుస్తాయి, 480. కెనడా ఎక్స్‌పీరియన్స్ వాళ్ళ కటాఫ్ 2025 లో 500 కి కిందకి రాలేదు. అంటే అక్కడ టెంపరరీ వదిలేసి ఇక్కడ ఇంకో టెంపరరీలో పడతారు. 2023 జులైలో హెచ్1బి వాళ్ళకి ఓపెన్ వర్క్ పర్మిట్ అని 10,000 స్లాట్లు తెరిస్తే రెండో రోజుకల్లా నిండిపోయాయి గుర్తుందా, అందులో ఇచ్చింది మూడేళ్ళ దాకా పర్మిట్ మాత్రమే, పీఆర్ కాదు. అలా వచ్చిన ఒక కుర్రాడు మా బేస్‌మెంట్‌లోనే అద్దెకి ఉన్నాడు, 28 ఏళ్ళు కాబట్టి ఎలాగో గట్టెక్కాడు. మీ వయసులో కష్టం.

2025 నవంబర్ బడ్జెట్‌లో హెచ్1బి వాళ్ళ కోసం త్వరగా వచ్చే దారి ఒకటి పెడతాం అని మళ్ళీ రాశారు. పెడితే మంచిదే, కానీ దాన్ని నమ్ముకుని ఇల్లు మాత్రం అమ్మకండి.

మరి దారి లేదా అంటే ఉంది, ఫ్రెంచ్. నవ్వకండి. ఫ్రెంచ్ లో నాలుగు సెక్షన్లలోనూ లెవెల్ 7 తెచ్చుకుంటే మీకు దాదాపు 60 పాయింట్లు కలుస్తాయి, 505 దాటతారు, ఫ్రెంచ్ వాళ్ళ డ్రాలు 2025 లో ఎక్కువగా 400, 450 మధ్యే నడిచాయి, ఒకసారి 379 దాకా కూడా దిగింది. ఇంకో సంగతి, మెయిన్ అప్లికెంట్ మీరే అవ్వక్కర్లేదు. మీ ఆవిడకి 34, వయసు పాయింట్లు మీకంటే పది ఎక్కువ. బీటెక్ అయ్యి, ఆవిడ ఉద్యోగం స్కిల్డ్ పని లెక్కలోకి వచ్చి, ఫ్రెంచ్ ఆవిడ నేర్చుకుంటే ఆవిడ పేరు మీద కూడా 470 దాకా వస్తాయి. ఎవరికి భాష తొందరగా ఎక్కుతుందో వాళ్ళు దిగండి.

ఇక మీ అసలు ప్రశ్న. నాకు 2023 లో ఇక్కడ ఉద్యోగం పోయింది. దాదాపు అయిదు నెలలు ఖాళీగా ఉన్నా. ఆ అయిదు నెలలూ ఈఐ (ఉద్యోగం పోయినవాళ్ళకి ఇచ్చే ప్రభుత్వ బీమా) డబ్బులు వచ్చాయి, పిల్లలు అదే స్కూలుకి వెళ్ళారు, నేను పొద్దున్నే లేచి అప్లికేషన్లు పెట్టుకుని సాయంత్రం వాకింగ్ కి వెళ్ళేవాణ్ణి. మొదటి ఆఫర్ నచ్చకపోతే వద్దన్నా. న్యూజెర్సీలో నా ఎనిమిదేళ్ళలో ఒక్క ఆఫర్ వద్దనే ధైర్యం చేసి ఎరగను. పీఆర్ అంటే నా వరకు అదే, ఖాళీగా ఉండే హక్కు. దానికి రేటు కూడా కట్టాం లెండి, ఇల్లు న్యూజెర్సీ కంటే చిన్నది, ఫ్యామిలీ డాక్టర్ దొరకడానికే నెలలు పట్టింది, స్పెషలిస్టు అంటే ఇంకో కథ, ఫిబ్రవరి సంగతి అడగొద్దు.


బెజవాడ_అక్క:

తమ్ముడూ, నువ్వు జీతం, ఇల్లు, వడ్డీ అని రాశావు కానీ మీ ఆవిడ అడిగిందే అసలు ప్రశ్న. మాది న్యూజెర్సీ, మా పెద్దాడు మూడేళ్ళప్పుడు వచ్చాడు, పోయినేడాది 21 దాటి ఏజ్ ఔట్ అయ్యాడు, కాబట్టి ఇది విని చెప్పేది కాదు.

ఉద్యోగాల మీద ఏడాదికి ఇచ్చే గ్రీన్ కార్డులు 1,40,000 చుట్టూ, ఆ లెక్కలోనే భార్యా పిల్లలు కూడా. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకీ 7 శాతం దాటకూడదని రూలు, అది 1990 నాటి చట్టం, ఐస్‌లాండ్ కీ ఇండియాకీ ఒకటే గీత. ఈబీ2 ఇండియా ఇంకా 2013, 2014 ల దగ్గరే దేకుతోంది. నీది 2019. మధ్యలో అయిదేళ్ళే కదా అనుకోకు, ఆ అయిదేళ్ళలో క్యూలో నిలబడ్డ జనం ఎంతమందో చూసుకో, డేటు ముందుకి ఏడాదికి ఏడాది కదలదు, ఒక్కోసారి వెనక్కి కూడా పోతుంది.

పిల్లల వయసు లెక్కలో ఐ-140 పెండింగ్ ఉన్న రోజుల్ని తీసేస్తారు కదా అని కొందరు ధైర్యం చెప్తారు. మేం ప్రీమియంలో డబ్బు కట్టి మరీ 15 రోజుల్లో అప్రూవ్ చేయించుకున్నాం. అంటే మావాడి వయసులోంచి తీసేయడానికి మిగిలింది ఆ 15 రోజులే. తొందరగా వచ్చిందని ఆ రోజు స్వీట్లు పంచాను నేను. దాని మీద 2025 ఆగస్టు నుంచి ఆ వయసు లెక్క కట్టడానికి వీసా బులెటిన్ (గ్రీన్ కార్డ్ క్యూ ఎక్కడిదాకా వచ్చిందో నెలనెలా చెప్పేది) లో ఉండే రెండు చార్టుల్లో వెనకబడి ఉండే ఫైనల్ యాక్షన్ డేట్ల చార్టే చూస్తాం అన్నారు.

ఇంతకీ 21 దాకా అంతా బాగానే ఉంటుంది అనుకుంటున్నావేమో, కాదు. పదహారేళ్ళకి మావాడి ఫ్రెండ్స్ అందరూ సమ్మర్ లో ఐస్‌క్రీమ్ షాపులో చేరారు. వీడు కూడా అప్లికేషన్ తెచ్చుకుని టేబుల్ మీద కూర్చుని నింపుతున్నాడు, సోషల్ సెక్యూరిటీ నంబర్ గడి దగ్గరకొచ్చి "అమ్మా, నాది ఎంత?" అని అడిగాడు. హెచ్4 పిల్లలకి ఆ నంబరే ఉండదు, పనిచేసే వీలూ లేదు. ఆ కాగితం మడిచి డ్రాయర్ లో పెట్టేశాడు, ఇంకేం అడగలేదు. కాలేజీకి ఫెడరల్ ఎయిడ్ లేదు. డ్రైవింగ్ లైసెన్స్ కూడా ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) డేట్ దాకే. 21 నిండకుండానే ఎఫ్1 (స్టూడెంట్ వీసా) కి మార్చాం, ఇప్పుడు వాడు మీ తమ్ముళ్ళు ఇండియా నుంచి ఎలా వస్తారో అలాగే స్టూడెంట్, ఓపీటీ, మళ్ళీ లాటరీ. మూడేళ్ళప్పటి నుంచి ఇక్కడ పెరిగినవాడు.

మీ బాబుకి 21 వచ్చాక మిమ్మల్ని స్పాన్సర్ చేయొచ్చు, తల్లిదండ్రులకి క్యూ లేదు. 17 ఏళ్ళు ఆగితే మీ ప్రయారిటీ డేట్ కంటే మీ బుడ్డోడే ముందొస్తాడేమో. కానీ అక్కని స్పాన్సర్ చేయాలంటే ఆ కేటగిరీ ఇంకా ఘోరం. కాబట్టి నీకు, మీ ఆవిడకి ఏదో ఒక దారి ఉంటుంది, పాపకే లేదు. పాపకి ఇప్పుడు 9, ఏ నిర్ణయమైనా హైస్కూల్లో చేరేలోపు తీసుకో. పదో తరగతి పిల్లని ఫ్రెండ్స్ నుంచి పీకి వేరే దేశం తీసుకెళ్ళడం అంటే ఏంటో మా ఆడపడుచు ఇంట్లో చూశా.

ఇంకోటి, మీ ఆవిడ ఈఏడీ రెన్యూవల్ ఎంత ముందు వేయడానికి కుదిరితే అంత ముందు వెయ్యండి. పాత ఆటోమేటిక్ ఎక్స్‌టెన్షన్ 2025 అక్టోబర్ 30 నుంచి తీసేశారు, కార్డు రాకముందే పాతది ఎక్స్‌పైర్ అయితే ఆ రోజు నుంచి ఇంట్లో కూర్చోవడమే.


వరంగల్_పోరడు:

అన్నా నేను అందరికి ఉల్టా చెప్తా, ఏమనుకోకు. పీఆర్ పీఆర్ అని అందరు దాన్ని స్వర్గం లెక్క చూస్తున్నరు గాని పీఆర్ కడుపు నింపదు. మా దోస్తు ఒకడు కెనడా పోయిండు, ఇక్కడ సీనియర్ ఆర్కిటెక్టు, అక్కడ ఆర్నెల్లకో కాంట్రాక్టు, కిరాయి కట్టంగ మిగిలేది చూస్తే నవ్వొస్తది. నీకు ఐ-140 ఉన్నది, మూడేండ్లకోసారి ఎక్స్‌టెన్షన్ వస్తది, ఇద్దరు సంపాదిస్తున్నరు. ఇంకో అయిదారేండ్లు గట్టిగ దాచిపెట్టు, ఆ పైసలు చేతుల ఉంటే పాపని ఏ దేశంల అయినా చదివిస్తవ్. పైసలు లేని పీఆర్ కన్నా పైసలున్న హెచ్1బి నయం.

ఈ మాట చెప్పేటోడు ఎక్కడ కూసొని చెప్తున్నడో కూడ చెప్పాలె. హన్మకొండల. డిసెంబర్‌ల చెల్లె పెండ్లికి వచ్చిన, నానక్‌రాంగూడ కాన్సులేట్‌ల స్టాంపింగ్ (పాస్‌పోర్టుల వీసా కొట్టిచ్చుకునుడు) డేట్ ఉండె. సోషల్ మీడియా చెకింగ్ కొత్తగ పెట్టినం అని మెయిల్ కొట్టి, నా ఒక్కనిది కాదు ఎంతమందివో అపాయింట్‌మెంట్లు మార్చికి, ఇంక ఆవలికి నూకిర్రు. డ్రాప్‌బాక్స్ (ఇంటర్వ్యూ లేకుండ వీసా ఇచ్చుడు) ఏమో 2025 సెప్టెంబర్లనే బంద్ చేసిర్రు, మెక్సికో పోయి కొట్టిచ్చుకుందమంటే ఎవని దేశంల వాడే కొట్టిచ్చుకోవాలె అని రూలు. మా కంపెనీ కొన్ని వారాలు ఇక్కడికెళ్ళి పని చెయ్యనిచ్చింది, తర్వాత టాక్సు లొల్లి అని జీతం లేని లీవుల పెట్టిర్రు. అక్కడ అపార్ట్‌మెంట్ కిరాయి నడుస్తనే ఉన్నది, కారు పార్కింగ్‌ల దుమ్ము పట్టి ఉన్నది. చిలుకూరుల 11 చుట్లు అయినయ్, వీసా వస్తే 108 బాకీ. మా అమ్మ ఒక్కతే మస్తు ఖుషి, రోజు నాటుకోడి.

అయినా నేనైతే వాపస్ పోత. నా మాట ఒక్కటే, వీసా స్టాంపు పాస్‌పోర్టుల లేకుంటే అమెరికా దాటి కాలు బయట పెట్టకు, పెండ్లి అయినా సరే.


మెల్బోర్న్_పులిహోర:

రెండే దేశాలు ఉన్నట్టు మాట్లాడుకుంటున్నారు అందరూ. ఆస్ట్రేలియా కూడా ఒకసారి చూడండి బ్రో. నేను కంపెనీ స్పాన్సర్ చేసిన 482 అనే టెంపరరీ వర్క్ వీసా మీద వచ్చా (ఇప్పుడు దాని పేరు మార్చి స్కిల్స్ ఇన్ డిమాండ్ అంటున్నారు, 2024 డిసెంబర్ నుంచి), రెండేళ్ళు చేశాక అదే కంపెనీ 186 (పీఆర్ వీసా) కి నామినేట్ చేసింది, పీఆర్ వచ్చింది. ఇక్కడ చెప్పదలుచుకున్నది ఏంటంటే టెంపరరీ వీసాలన్నీ ఒకలాగ ఉండవు. ఇక్కడ 482 లో ఉద్యోగం పోతే ఒక్కసారికి 180 రోజులు టైం, మొత్తం మీద 365 రోజులు, పైగా ఆ టైంలో వేరే పని చేసుకోవచ్చు. మీకు 60. ఇక్కడ ఏ దేశంలో పుట్టావని అడగరు, క్యూలో ఇండియా వాళ్ళకి వేరే లైన్ లేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. 45 లోపు అవ్వాలి, పాయింట్ల వీసా అయితే 33 నుంచి 39 కి 25 పాయింట్లు, 40 దాటితే 15. ఐటీ వాళ్ళకి 189 (స్పాన్సర్ అక్కర్లేని పాయింట్ల వీసా) లో 65 పాయింట్లు అని రాసి ఉంటుంది గాని ఆ స్కోరుతో ఎవరూ పిలవరు, స్టేట్ నామినేట్ చేసే 190 నో, రీజనల్ ఏరియా 491 నో చూసుకోవాలి. పీఆర్ వచ్చాక మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) వస్తుంది, పాప యూనివర్సిటీ ఫీజు లోకల్ ఫీజే, కాకపోతే గవర్నమెంట్ స్టూడెంట్ లోన్ సిటిజన్ అయ్యేదాకా రాదు, చేతిలోంచి కట్టాలి. దూరం కూడా ఆలోచించుకోండి, అమెరికా నుంచి ఇక్కడికి మారితే అక్కడి ఫ్రెండ్స్ తో మాట్లాడాలన్నా టైం కుదరదు.


ఫ్రిస్కో_నాన్న:

అక్కా, మీ అబ్బాయి ఆ కాగితం సంగతి మా ఆవిడకి చదివి వినిపించా, ఇంక నన్ను నిద్రపోనిచ్చేలా లేదు. మిసిసాగా మావయ్య గారూ, ఆ పాయింట్ల లెక్క చూశాక మా బావమరిదికి ఫోన్ చేశా, వాడికి ఫ్రెంచ్ సంగతి కూడా తెలీదు, వాడొచ్చింది 2018 లో.

ఇప్పుడు నావి కొన్ని డౌట్లు. ఒకటి, పీఆర్ తీసుకుని వెంటనే వెళ్ళకుండా ఇక్కడే హెచ్1బి మీద ఉండొచ్చా, అలా చేస్తే హెచ్1బి కేమైనా దెబ్బా? అక్కడ కుదరకపోతే ఐ-140 పట్టుకుని మళ్ళీ వెనక్కి రావొచ్చని మా ఆఫీసులో అందరూ అంటారు, అది నిజమేనా? కెనడా సిటిజన్ అయ్యాక గ్రీన్ కార్డ్ క్యూలో కెనడా లైన్లోకి మారిపోవచ్చు అని కూడా ఒకాయన చెప్పాడు. ఇంకోటి, ఇన్నేళ్ళు కట్టిన సోషల్ సెక్యూరిటీ (పెన్షన్ కోసం జీతంలో కోసేది) గంగలో కలిసినట్టేనా?


మిసిసాగా_మావయ్య:

చివరి నుంచి వస్తా. సోషల్ సెక్యూరిటీకి 40 క్రెడిట్లు కావాలి, అంటే పదేళ్ళ పని. ఓపీటీలో మామూలుగా అది కోయరు కాబట్టి మీ లెక్క 2017 నుంచి, పదేళ్ళు నిండటానికి ఇంకెంతో లేదు. ఒకవేళ నిండకపోయినా అమెరికాకీ కెనడాకీ మధ్య ఒప్పందం ఉంది, అక్కడి ఏళ్ళూ ఇక్కడి ఏళ్ళూ కలిపి అర్హత చూస్తారు. అమెరికాకీ ఇండియాకీ మధ్య అలాంటిది లేదు. కాబట్టి పదేళ్ళు నిండకుండా ఇండియా వెళ్ళిపోయేవాళ్ళకే అది గంగలో కలిసేది.

సిటిజన్ అయితే లైన్ మారుతుందన్న ఆయన ఎవరో గానీ, ఆ మాట తప్పు. క్యూ చూసేది పుట్టిన దేశం. మీరు ఎన్ని పాస్‌పోర్టులు మార్చినా గుంటూరు గుంటూరే. భార్యో భర్తో వేరే దేశంలో పుట్టి ఉంటే ఆ దేశం లైన్ వాడుకోవచ్చు, పిల్లలు వేరే దేశంలో పుడితే మాత్రం తల్లిదండ్రులకి కలిసిరాదు. సిటిజన్ అయ్యాక ఇంకో లాభం ఉంది, టీఎన్ వీసా (కెనడా సిటిజన్లు అమెరికాలో పనిచేయడానికి ఇచ్చేది), లాటరీ లేదు, బోర్డర్ దగ్గరే ఇస్తారు, కానీ దాంట్లో మీ ఆవిడ అమెరికాలో పనిచేయలేదు. అది సిటిజన్లకే, పీఆర్ కి రాదు. సిటిజన్‌షిప్ కి అయిదేళ్ళలో 1,095 రోజులు ఇక్కడ ఉండాలి.

పీఆర్ తీసుకుని అక్కడే ఉండటం కుదురుతుంది. అయిదేళ్ళలో 730 రోజులు కెనడాలో ఉంటే చాలు, అవి వరసగా అవ్వక్కర్లేదు, అంటే దాదాపు మూడేళ్ళు మీకు వెసులుబాటు. కెనడా పీఆర్ ఉందని హెచ్1బి కి ఏ దెబ్బా లేదు. విండ్సర్ లో ఇల్లు పెట్టుకుని రోజూ బోర్డర్ దాటి డెట్రాయిట్ లో పనిచేసేవాళ్ళు కూడా ఉన్నారు, ఆ రోజులన్నీ కెనడా లెక్కలోకే వస్తాయి. అది చేయగలిగితే రెండు పడవల మీదా కాళ్ళు పెట్టొచ్చు, కానీ డెట్రాయిట్ లో ఉద్యోగం దొరకాలి, మీ కంపెనీ డాలస్ కి రమ్మంటోందాయె.

అన్నిటికంటే ముఖ్యం వెనక్కి రావడం సంగతి, ఇక్కడే మీ ఆఫీసు వాళ్ళ సమాచారం పాతబడింది. ఐ-140 అప్రూవ్ అయ్యి 180 రోజులు దాటితే కంపెనీ విత్‌డ్రా చేసినా ప్రయారిటీ డేట్ మీదే, అది నిజం. దాని మీద లాటరీ లేకుండా మళ్ళీ హెచ్1బి కి వెళ్ళొచ్చు, అదీ నిజం. కానీ 2025 సెప్టెంబర్ 21 నుంచి అమెరికా బయట ఉండి వీసా చేతిలో లేనివాళ్ళ కోసం వేసే కొత్త పిటిషన్ కి కంపెనీ 1,00,000 డాలర్లు కట్టాలన్నారు. లోపల ఉండి ఎక్స్‌టెన్షనో ట్రాన్స్‌ఫరో చేసుకునే మీలాంటివాళ్ళకి అది లేదు. కోర్టుల్లో కేసులు నడుస్తున్నాయి, పొడిగిస్తారో తీసేస్తారో చూడాలి. అది ఉన్నంతకాలం మాత్రం, బయటికెళ్ళి స్టాంపు గడువు కూడా అయిపోయాక మిమ్మల్ని వెనక్కి పిలవాలంటే ఏ కంపెనీ అయినా రెండుసార్లు ఆలోచిస్తుంది. కాబట్టి సామాను సర్దేముందు స్టాంపు గడువు ఎంత ఉందో చూసుకోండి. వరంగల్ తమ్ముడు చెప్పిన స్టాంపు మాటని నేను ఇంకో రకంగా చెప్తున్నానంతే.


కొండాపూర్_రిటర్న్:

2022 లో తిరిగొచ్చేశాం. మాది సేమ్ మీ స్టోరీనే, పెద్దది ఇండియాలో పుట్టింది, చిన్నోడు అట్లాంటాలో. ఇప్పుడు ఇక్కడ చిన్నోడికి ఓసీఐ (భారత సంతతి విదేశీయులకి ఇచ్చే కార్డు), ఇంట్లో వాడొక్కడే ఫారినర్, మేం ముగ్గురం లోకల్. ట్రాఫిక్ నరకం, స్కూల్ ఫీజులు చూస్తే కళ్ళు తిరుగుతాయి, కానీ మా మామగారికి స్టెంట్ వేసినప్పుడు అరగంటలో హాస్పిటల్ లో ఉన్నాం. ఇది అందరికీ కుదరదు, మీ ప్రశ్నకి ఇది జవాబు కూడా కాదు, మూడో ఆప్షన్ ఒకటి ఉందని గుర్తు చేద్దామని.


బెజవాడ_అక్క:

కొండాపూర్ గారి మాట నిజమే గానీ ఆడపిల్ల ఇప్పుడు నాలుగో తరగతి, తెలుగు చదవడం వచ్చా లేదా అనేది కూడా చూసుకోవాలి. మా ఊళ్ళో ఒకళ్ళు ఎనిమిదో తరగతిలో తీసుకెళ్తే ఆ పిల్ల సెకండ్ లాంగ్వేజ్ తో నానా తిప్పలు పడింది.

మిసిసాగా అన్నయ్య గారూ, ఈ ఫ్రెంచ్ నేర్చుకోవడం అనేది ఉద్యోగాలు చేసుకుంటూ, ఇద్దరు పిల్లలతో, నిజంగా అయ్యే పనేనా? లెవెల్ 7 అంటే ఏదో నమస్కారం బాగున్నారా స్థాయి కాదు కదా.


మిసిసాగా_మావయ్య:

కాదమ్మా, ఉత్తరాలు రాయాలి, ఎదుటివాడితో వాదించాలి, రేడియోలో మాట్లాడింది అర్థం అవ్వాలి. సున్నా నుంచి మొదలుపెడితే రోజూ కూర్చున్నా ఏడాదికి తక్కువ పట్టదు, ఎక్కువే పట్టొచ్చు. ఇక్కడ మా గుడికి వచ్చే ఒక జంటలో ఆవిడ సాధించింది, ఆయన రెండు నెలలకి మానేశాడు. కార్లో వెళ్తూ వార్తలు వినేది, ఆదివారం ట్యూటర్, గోడలకి క్రియల చార్టులు. స్పీకింగ్ కంటే లిజనింగే చంపేసింది అనేది ఆవిడ.


ఫ్రిస్కో_నాన్న:

అందరికీ థాంక్స్, నిజంగా. నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక మేమిద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఇప్పటికి అనుకున్నది ఇది, ఇల్లు అమ్మం, ఉద్యోగం వదలం, కానీ పాప ఎనిమిదో తరగతికి వచ్చేలోపు ఎక్కడో ఒకచోట చేతిలో పీఆర్ ఉండాలి. ఫ్రెంచ్ నేను కాదు మా ఆవిడే మొదలుపెడతానంది, ఇంటర్ లో సంస్కృతం సెకండ్ లాంగ్వేజ్ గా తీసుకుని 98 తెచ్చుకున్నానని అప్పుడే సవాలు విసిరింది (ఇంటర్ సంస్కృతంలో 98 రానిదెవరికి అని నేను అనలేదు, ప్రాణాల మీద తీపి). ఆస్ట్రేలియాకి స్కిల్ అసెస్‌మెంట్ కూడా పక్కన వేసి చూస్తాం. లాయర్ తో అపాయింట్‌మెంట్ తీసుకున్నా, స్టాంపింగ్ అయ్యేదాకా ఇండియా ప్రయాణం క్యాన్సిల్, మా అమ్మానాన్ననే రమ్మంటున్నాం.

ఇంగ్లీషు, ఫ్రెంచ్ పరీక్షలు రెండూ ఇప్పుడే రాసేసి స్కోర్లు పక్కన పెట్టుకుంటే మంచిదా?


మిసిసాగా_మావయ్య:

వద్దు. రెండింటి రిజల్టులూ రెండేళ్ళే చెల్లుతాయి, పీఆర్ కి అప్లై చేసే రోజుకి కూడా గడువు మిగిలుండాలి. ఆవిడకి ఫ్రెంచ్ లో లెవెల్ 7 వస్తుందని నమ్మకం కుదిరాక ముందు టెఫ్ (ఫ్రెంచ్ పరీక్ష) రాయించండి, అది చేతికొచ్చాక ఐఈఎల్‌టీఎస్ రెండు నెలల పని. డిగ్రీల ఎవాల్యుయేషన్ కి మాత్రం అయిదేళ్ళు గడువు ఉంటుంది, అది ఇప్పుడే వేసేయండి, మన యూనివర్సిటీల నుంచి సీల్డ్ కవర్ లో ట్రాన్‌స్క్రిప్ట్ రప్పించడం ఒక యజ్ఞం, గుంటూరులో వెళ్ళి తిరిగే మనిషి ఎవరైనా ఉన్నారేమో ఇప్పటి నుంచే చూసుకోండి.